అడపంలో పటిక

మా తాత అడపం విప్పితే తోలు వాసన, ఇనుము వాసన, కొబ్బరినూనె వాసన కలిసి వచ్చేవి. రెండు కత్తులు, ఒక కత్తెర, గోరుగల్లు, అరచెయ్యంత అద్దం, ఇత్తడి గిన్నె, సానరాయి, కత్తి నూరుకునే తోలుపట్టా. అన్నిటికీ అడుగున, పాత పంచె పీలికలో చుట్టి, పటిక ముక్క. నాకు అయిదారేళ్లప్పుడు అది పటికబెల్లం అనుకుని ఆయన చూడకుండా నోట్లో వేసుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది, నోరంతా వగరు. ఉమ్ముకుంటూ పరిగెత్తుకొస్తుంటే తాత కాలవగట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే, అది తినేది కాదురా. నా చెయ్యి తప్పినప్పుడు దిద్దేది" అన్నాడు.

తెనాలి దగ్గర మా ఊళ్లో పటిక లేని ఇల్లు ఉండేది కాదు. వానాకాలం కాలవకు ఎర్రనీళ్లు వస్తే బిందెలో పటిక నాలుగు చుట్లు తిప్పేవారు. తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడేవి. అదే పటిక తడి చెంప మీద రుద్దితే చర్మం బిగుసుకుంటుంది, చిన్న గాటు నుంచి వచ్చే నెత్తురు ఆగుతుంది. ఇంత మేలు చేసే వస్తువే అయినా, తాత దాన్ని బయటికి తీయాల్సివస్తే సిగ్గుపడేవాడు. పటిక తీశాడంటే ఆ రోజు ఎక్కడో తొందరపడ్డాడన్న మాట. ఊళ్లో వాళ్లకూ ఆ లెక్క తెలుసు. "ఏం మంగలీ, ఇవాళ పటిక దాకా వచ్చిందే" అని ఎగతాళి చేసేవారు.

నేను 1977లో మా నాన్న సెలూన్లో కుర్చీ వెనక నిలబడ్డాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా, గడ్డం చేసుకున్నాక వచ్చే మంటకు మందేమిటని అడగని వారం లేదు. మంట ఎందుకొచ్చిందని అడిగినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లో నాలుగు తరాల్లో కత్తి నాలుగుసార్లు మారింది. మారిన ప్రతిసారీ మంట పోతుందనే చెప్పారు. అది పోలేదు, చోటు మార్చుకుంది.

తాత పని కాలవగట్టు మీద గానుగచెట్టు కింద. పని చేయించుకునే ఆసామి పీట మీద, తాత గొంతుకూర్చుని నేల మీద. సబ్బు లేదు, బ్రష్షు లేదు. ఇత్తడి గిన్నెలో నీళ్లు, అంతే. ఆ నీళ్లను వేళ్ల కొసలతో గడ్డంలోకి పట్టిస్తూ, చిన్నగా రుద్దుతూ, మళ్లీ తడుపుతూ కూర్చునేవాడు. ఎంతసేపు? నాకు గడియారం తెలియదు గానీ ఆసామి నోట్లో చుట్ట దగ్గర దగ్గర సగం కాలేంత సేపు. ఊళ్లో కబుర్లన్నీ అప్పుడే. ఎవరి దూడ తప్పిపోయింది, ఎవరి పిల్లకు సంబంధం వచ్చింది, కాలవకు నీళ్లెప్పుడు వదులుతారు. కత్తి తీశాక మాత్రం మాట బంద్. ఆసామి మాట్లాడబోయినా తాత బొటనవేలు దవడ మీద పడేది.

ఆ కబుర్లు కాలక్షేపానికని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పని నేర్చుకున్నాక అర్థమైంది, అది వెంట్రుక నానడానికి పెట్టిన గడువు. పొడి గడ్డం వెంట్రుక గట్టిది, కత్తికి ఎదురు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు నీళ్లు తాగితే ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు కత్తిని నొక్కక్కర్లేదు, దాని బరువుకే అది సాగుతుంది. నానకుండా గీస్తే చెయ్యి నొక్కుతుంది. నొక్కితే వెంట్రుకతో పాటు చర్మం పైపొర కూడా లేచిపోతుంది. ఎర్రబడటం, చురచుర, చెమట తగిలితే మంట, మర్నాటికి చిన్న చిన్న పొక్కులు, ఇవన్నీ ఆ గోకుడు వల్లే. తాత దీన్ని 'గీత మంట' అనేవాడు. మూడు పనులు చేస్తే గీత మంట రాదనేవాడు: నీళ్లు చాలినంత పెట్టాలి, ఎడమచేత్తో చర్మం సాగదీసి పట్టాలి, కత్తి పడుకోవాలి. కత్తి పడుకోవడమంటే చెంపకు దాదాపు ఆనుకుని వాలుగా ఉండటం. నిటారుగా లేస్తే గీకుతుంది. మరీ పడుకుంటే తెగదు. 'మంగలి పాత, చాకలి కొత్త' అని సామెత ఊరికే పుట్టలేదు. ఆ వాలు చేతికి దొరకడానికి నాకు మూడేళ్లు పట్టింది. కొబ్బరికాయ పీచు మీద, తర్వాత మా నాన్న చెంప మీద.

ఇంకో గుట్టు కూడా ఉంది. తాత దగ్గర ఎవరూ రోజూ గడ్డం చేయించుకోలేదు. ఎనిమిది రోజులకో, పదిహేను రోజులకో. మంగళవారం లేదు, శుక్రవారం లేదు, అమావాస్య లేదు. మా సెలూన్‌కి రోజు విడిచి రోజు వచ్చే రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్ ఒకాయన ఉండేవారు. నురగ పెట్టాక మాట్లాడకండి మాస్టారూ అని ఎంత చెప్పినా వినేవారు కారు. ఆయన చెప్పినవే ఇవి. చరకుడు జుట్టు, గడ్డం, గోళ్లు పక్షానికి మూడుసార్లు తీయించుకోమన్నాడట, అంటే అయిదు రోజులకోసారి. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో నాగరకుడికి, అంటే పట్నపు సోగ్గాడికి, రోజూ స్నానం, రెండో రోజుకోసారి ఒళ్లు మర్దన, మూడో రోజుకోసారి నురగనిచ్చే ఫేనకం, నాలుగో రోజుకోసారి క్షౌరం. ఆ క్షౌరానికి అక్కడ పేరు ఆయుష్యం. మన పెద్దవాళ్లు ఆయుష్కర్మ అనే మాట ఇదే. నాకు అందులో నచ్చింది ఆ నాలుగు రోజుల ఎడం. గీసిన చర్మం మళ్లీ మూసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఎంత సోగ్గాడైనా రోజూ గీయించుకోమని వాత్స్యాయనుడు చెప్పలేదు చూడండి.

ఇదంతా బంగారు కాలమని చెప్పడం లేదు. తాతకు కూలి డబ్బుల్లో లేదు. కళ్లం దగ్గర మేర, ఏడాదికోసారి ఇన్ని కుంచాల ధాన్యం. తక్కువ కొలిచినా అడిగే నోరు లేదు. పీక మీద కత్తి పెట్టించుకున్నవాళ్లే గడప లోపలికి రానిచ్చేవాళ్లు కారు. కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి పోతే ఇంకా ఘోరం. అక్కడ దొరల గడీల్లో మావాళ్లు గడ్డాలు గీసి, ఒళ్లు పిసికి, రాత్రుళ్లు కాళ్లు పట్టి, అంతా వెట్టి. తెలంగాణ సాయుధ పోరాటం లేచినప్పుడు వెట్టి ఇక చెయ్యం అన్న కులాల్లో మా కులమూ ఉంది. తాత దగ్గర ఓర్పు అనుకున్నదానిలో కొంత, తొందరపడే హక్కు లేకపోవడం కూడా.

తాత రెండు కత్తుల సంగతి చెప్పాలి. ఒకటి ఊరి కమ్మరి చేసింది, నల్లగా, బరువుగా ఉండేది. రెండోది షెఫీల్డ్ అని చెక్కిన సీమకత్తి. ఎవరో అమీనుగారు పోతూ పోతూ ఇచ్చి వెళ్లారట. అది తాతకు ప్రాణం. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి వచ్చిన ఇంజనీరుగారు ఒకరు దాన్ని మా అద్దం ముందు చూసి, "ఇది సీమదే గానీ దీని కథ మన దగ్గరిది కూడా" అన్నారు. అప్పటికి ఆయన చెంప ఒకటి అయింది, ఒకటి మిగిలింది. అలాగే కూర్చుని చెప్పారు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఊరు. అక్కడ మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు తీసేవారు. పారసీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోయేవారు, కత్తులకని. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు అది కళ్లారా చూసి రాసింది 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు, మన ఉక్కు మాటే వాళ్ల నోట్లో అలా తిరిగిందంటారు. లండన్‌లో జేమ్స్ స్టోడర్ట్ అనే కత్తుల పనివాడికి ఆ ఉక్కంటే మోజు. ఆయనా, మైకేల్ ఫారడేయా కలిసి దాని గుట్టు పట్టుకోవాలని 1820 ప్రాంతాల్లో రకరకాల లోహాలు కలిపి చూశారు. 500 వంతుల ఉక్కుకు ఒక వంతు వెండి కలిపితే బాగుందన్నారు. తర్వాత షెఫీల్డ్ రేజర్ల మీద 'సిల్వర్ స్టీల్' అని చెక్కడం మామూలైంది. కరెంటుతో మన ఇళ్లలో దీపాలు వెలగడానికి కారకుడైన ఫారడే గడ్డం కత్తుల మీద కూడా తలపగలగొట్టుకున్నాడంటే నాకు భలే సంతోషం వేసింది. రెండో చెంప గీసేసరికి నురగ ఎండిపోయింది. మళ్లీ తడిపి పెట్టాను.

మంచి ఉక్కుకూ మంటకూ సంబంధం ఏమిటంటే, మొద్దుబారిన అంచు కోయదు, లాగుతుంది. తాత ప్రతి గడ్డానికీ ముందు కత్తిని తోలు మీద వెనక్కీ ముందుకీ నాలుగైదుసార్లు తిప్పేవాడు, అరచేతి మీద కూడా. అంచు తేలిందో లేదో ముంజేతి వెంట్రుక మీద చూసుకునేవాడు. ఆయన ముంజేతి మీద అక్కడక్కడ నున్నగా మచ్చలుండేవి.

నాన్న 1964లో తెనాలిలో సెలూన్ పెట్టాడు. తిరిగే కుర్చీ, ఎదురుగా బెల్జియం అద్దం, గుండ్రటి సబ్బు, గుర్రపు వెంట్రుకల బ్రష్షు, గీసిన తర్వాత రాయడానికి స్నో, చల్లడానికి స్పిరిట్ కలిపిన రంగునీళ్లు. తాత ఒకసారి వచ్చి కూర్చుని అంతా చూసి, నురగ బాగుందన్నాడు. స్పిరిట్ చల్లుతుంటే ఆసామి 'ఇస్స్' మన్నాడు. "గీసినచోట గీత మంట చాలదని మళ్లీ ఇదెందుకురా?" అన్నాడు తాత. నాన్న దగ్గర జవాబు లేదు. మండితేనే పని చేసినట్టని పట్నం జనానికి అప్పటికే నమ్మకం కుదిరింది. ఇప్పటికీ అది వదల్లేదు. గీసిన చర్మానికి స్పిరిట్ పోస్తే మరింత ఎండిపోతుంది. నెత్తురు ఆగాలంటే పటిక చాలు, చల్లబడాలంటే చన్నీళ్లు చాలు.

సెలూన్‌కు అసలు పోటీ పక్క వీధి సెలూన్ కాదు, ఇంట్లో గూట్లో పెట్టుకునే రేజరు. ఎవరి గడ్డం వాళ్లే గీసుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఫ్రాన్సులో జాన్ జాక్ పెరె అనే కత్తులవాడు 1769లోనే దానికో పుస్తకం రాశాడు, కత్తికి చెక్క తొడుగు కూడా తయారుచేశాడు. ఆ ఆలోచనను జనంలోకి తెచ్చింది మాత్రం అమెరికాలో జిలెట్. పారేసే పల్చని బ్లేడు ఆయనది. 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు, అంతే. మరుసటి ఏడు రేజర్లే 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఆయన దగ్గర 35 లక్షల రేజర్లు తీసుకుంది. గడ్డం ఉంటే విషవాయువు ముసుగు మొహానికి సరిగ్గా అతుక్కోదు మరి. యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాడు పొద్దున్నే అద్దం ముందు నిలబడే అలవాటు కూడా వెంట తెచ్చుకున్నాడు. రోజూ నున్నగా ఉండాలన్న మర్యాద ప్రపంచానికి అలా అంటుకుంది. మన దగ్గరికి ఆఫీసులతో, బ్యాంకులతో వచ్చింది.

ఈ రోజువారీ గడ్డమే మా కుర్చీలోకి ఎర్రటి మెడల్ని తెచ్చింది. నేను పనిలో చేరిన కొత్తలో ఆదివారం వచ్చే ఉద్యోగస్తుల్లో సగంమందికి గొంతు కింద పొక్కులు. అడిగితే కథ ఒకటే. పొద్దున లేటు, చన్నీళ్లు ఒక చుక్క, సబ్బు రుద్దీ రుద్దగానే గీత. అదీ పది పన్నెండు రోజులు వాడిన భారత్ బ్లేడో టోపాజ్ బ్లేడో. పదును పోతే గాజుగ్లాసు లోపలి గోడకు బ్లేడు రాసి రాసి ఇంకో రెండు రోజులు లాగేవాళ్లు. పొదుపు గొప్పదే, కాదనను. కానీ ఆ రెండు రోజుల బ్లేడు మెడకు చేసిన నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. పైగా ఎదురు గీత. మొహాన వెంట్రుక కిందికి వాలుతుంది గానీ మెడ దగ్గర చాలామందికి సుడి ఉంటుంది, ఒకచోట పక్కకు, ఒకచోట పైకి. ఆ సుడి ఎవరిది వాళ్లకే తెలియదు, మాకు తెలుసు. రెండు రోజులు పెంచుకుని వేలితో తడిమి చూసుకోండి, ఎటు తడిమితే మెత్తగా ఉంటుందో అటే వాలు, అటే గీయండి అని చెప్పేవాణ్ణి. విని, తలూపి, సోమవారం మళ్లీ ఎదురే గీసుకునేవాళ్లు.

ఇంతా చెప్పే నేనే ఒక పెళ్లికొడుకుని పాడుచేశాను. 1981 అనుకుంటా, మాఘమాసం, ముహూర్తాలు ఎడతెరిపి లేవు. ఒకే రోజు మూడు ఇళ్లలో పెళ్లికొడుకుని చెయ్యాలి. మూడో ఇంటికి వెళ్లేసరికి బాజాలవాళ్లు తొందరపెడుతున్నారు. వాళ్లూ మావాళ్లే, మా చిన్నతాత కొడుకే సన్నాయి. ఆ అబ్బాయి "నున్నగా ఉండాలి అన్నా" అన్నాడు. నీళ్లు సరిగా పెట్టలేదు, మెడ దగ్గర ఎదురు గీశాను. అరగంటలో గొంతు చుట్టూ దద్దులా లేచింది. పెళ్లికూతురి వాళ్లు ఏమనుకుంటారోనని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. కబురందుకుని నాన్న వచ్చాడు. నన్నేమీ అనలేదు. చన్నీళ్లలో ముంచిన గుడ్డ మెడకు చుట్టి కాసేపుంచి, దేవుడి గదిలోంచి సాన తెప్పించి గంధం అరగదీసి పలచగా పట్టించాడు. పెళ్లికొడుక్కి గంధం పూయడం ఎలాగూ ఉన్నదే. ఎవరికీ అనుమానం రాలేదు. తాళి కట్టే వేళకు ఎరుపు తగ్గింది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఒక్క మాటే అన్నాడు నాన్న, "పటికకు కూడా చోటు లేకుండా చేశావురా."

గంధం అంటే తిరుమల గుర్తొస్తుంది. క్షౌరం అనే మాట నోట రానివ్వక కల్యాణం అన్నారు గాబట్టి అది కల్యాణకట్ట అయింది. రోజుకు వేలమంది తలలు అక్కడ బోడులవుతాయి. అక్కడి పద్ధతి చూడండి. ముందు తల బాగా తడిపి రమ్మంటారు, కొత్త సగం బ్లేడు, పైనుంచి కిందికి గీత, తర్వాత స్నానం. బయటికి రాగానే నున్నటి గుండు మీద చల్లటి గంధం. భక్తి అని అందరూ అనుకుంటారు, భక్తే. నా కంటికి మాత్రం తాత చెప్పిన వరసే కనిపిస్తుంది. ఎండలో గుండు చురుక్కుమనకుండా గంధమే కాపలా.

సగం బ్లేడు అన్నాను కదా, మా సెలూన్‌కి అది 90ల్లో వచ్చింది. 1986లో మద్రాసులో హెచ్ఐవి మన దేశంలో మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు గోడల మీద రాతలు, రేడియోలో మాటలు, కుర్చీలో కూర్చోగానే ఒకటే ప్రశ్న, "కత్తి మార్చావా?" నాన్న నొచ్చుకున్నాడు గానీ వాళ్లడిగింది న్యాయమే. ఒకే కత్తి, ఒకే తోలుపట్టా, పది చెంపలు, మధ్యలో డెటాల్ నీళ్లలో ఒక మునక. గడ్డంలో పుట్టే చీముకురుపులు ఒకరి నుంచి ఒకరికి అలాగే పాకేవని మాకూ తెలుసు. బ్లేడు మధ్యకు విరిచి పిడిలో పెట్టే కత్తి కొన్నాం. మనిషికో సగం. తోలుపట్టా మేకుకు వేలాడి వేలాడి ఎండిపోయింది. కొత్త కత్తి తేలిక, పదును మరీ ఎక్కువ. తాత కత్తి బరువుకు అలవాటైన నా చెయ్యి దాన్ని నొక్కింది. మొదటి నెలంతా పటిక ఖర్చు పెరిగింది.

తర్వాతి మార్పు మా చేతుల్లోంచి పోయింది. 1971లోనే జిలెట్ కంపెనీ రెండు బ్లేడ్ల రేజరు తెచ్చింది, 1998లో మూడు, 2006లో అయిదు. మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం లాగి పట్టుకుంటుంది, అది వెనక్కి పోయేలోగా రెండోది చర్మం అంచుకన్నా లోతుగా కోస్తుంది. నున్నదనం అక్కడిదే, తంటా కూడా అక్కడిదే. చర్మం లోపల తెగిన మొన, ఉంగరాల వెంట్రుకైతే బయటికి రాకుండా పక్కకు తిరిగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. అది పొక్కు అవుతుంది. అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికుల్లో ఈ బాధ ఎక్కువని డాక్టరు చీటీ మీద గడ్డం గీయకుండా మినహాయింపు ఇస్తూ వచ్చారు. సైన్యానికే లేని మొండితనం మన కుర్రాళ్లకెందుకో.

మా తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వీడియోలో మెడ చూపించాడు, చిక్కుడు గింజల్లా పొక్కులు. అయిదు బ్లేడ్ల రేజరు, మెంథాల్ నురగ, నీలంరంగు స్పిరిట్, బల్లంతా సీసాలే. వారం రోజులు కత్తి ముట్టుకోకురా అన్నాను. తర్వాత స్నానం చేసిన వెంటనే, గడ్డం బాగా నానాక, ఒక్క బ్లేడుతో, వాలుగా ఒక్కసారి, కాస్త గరుకు మిగిలినా సరే. చన్నీళ్లు, తడి మీద పటిక, అది కడిగేసి రెండు చుక్కల కొబ్బరినూనె. అన్నీ రాసుకున్నాడు. నాలుగు రోజులకు మళ్లీ ఫోన్.

"పెదనాన్నా, ఇండియన్ స్టోర్లో దొరికింది. రుద్దాను. కానీ మెడంతా జిగురుజిగురుగా ఉంది."

"జిగురేమిట్రా? వగరుగా ఉండాలి. నాలుక మీద పెట్టి చూడు."

ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ తర్వాత, "తియ్యగా ఉంది పెదనాన్నా" అన్నాడు.